టూరింగ్ బైక్‌కి ఎయిర్ రైడ్ సొంతంగా బిగించుకుంటున్నా, ఎక్కడెక్కడ తేడా కొడుతుంది?

నల్లగుర్రం:
అందరికీ నమస్తే. నాది బరువైన టూరింగ్ బైక్, వెనక రెండు షాక్‌లు, బెల్ట్ డ్రైవ్. సమస్య రెండు వైపులా ఉంది. నేను పొట్టివాణ్ణి, ఒక్కణ్ణే నడిపితే ఆగిన చోటల్లా మునివేళ్ల మీద నిలబడి బండిని బ్యాలెన్స్ చేయాల్సి వస్తుంది. అదే వెనక మా ఆవిడ ఎక్కి, రెండు పక్క పెట్టెలూ నిండాయంటే బండి బాగా కుంగిపోయి కాళ్లు చక్కగా ఆనుతాయి కానీ, ప్రతి గుంతకీ వెనక షాక్ చివరికంటా పోయి ధన్‌మని కొట్టుకుంటుంది, ఆ దెబ్బ నా నడుముకీ తగులుతుంది, ఆవిడ మాటల రూపంలో నా చెవులకీ తగులుతుంది. షాక్ మీద స్ప్రింగ్ బిగువు సర్దే ప్రీలోడ్ నాబ్ తిప్పి తిప్పి విసుగొచ్చేసింది.

అందుకని ఒక ఎయిర్ రైడ్ కిట్, అంటే స్ప్రింగ్ బదులు గాలితో బండిని మోసే షాక్‌ల సెట్టు, తెప్పించా. పెట్టెలో రెండు ఎయిర్ షాక్‌లు, చిన్న 12 వోల్ట్ కంప్రెసర్, గాలి ఎక్కించడానికి ఒకటి, వదలడానికి ఒకటి చొప్పున రెండు సోలినాయిడ్ వాల్వ్‌లు (కరెంటుతో తెరుచుకునేవి), ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసేది), హ్యాండిల్‌కి పెట్టుకునే స్విచ్, కొన్ని మీటర్ల నైలాన్ ట్యూబ్, గుప్పెడు ఫిట్టింగులు ఉన్నాయి. సూచనల కాగితం మాత్రం ఒకటే, అందులో బాణం గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం, వైరింగ్ కొద్దిగా చూసుకోవడం వచ్చు, సస్పెన్షన్ జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

అడగాల్సినవి: షాక్‌లు రెండూ ఒకేసారి విప్పాలా? గాలి ట్యాంకు లేదు, లేకపోయినా పర్వాలేదా? ఎంత ప్రెషర్ పెట్టాలి? కంప్రెసర్‌కి కరెంటు ఎక్కణ్ణించి తీసుకోవాలి? ఇవి కాక నాకు తట్టని ప్రమాదం ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి, అసలు భయం దాని గురించే.

పాతబండి:
బిగించే ముందు ఒక చిన్న పరీక్ష చెయ్ బ్రో. గాలి ఎక్కించకుండా షాక్‌ని నేల మీద నిలబెట్టి నీ బరువంతా వేసి నొక్కు, తర్వాత కాలితో కింది కన్ను (బోల్టు పట్టే రంధ్రం) తొక్కిపట్టి పైకి లాగు. నొక్కినప్పుడు, లాగినప్పుడు రెండుసార్లూ జిగటగా, మెల్లగా కదిలితే లోపల ఆయిల్ డ్యాంపర్ ఉన్నట్టు. సైకిల్ పంపులా సర్రున పోయి సర్రున వస్తే దాన్ని బండికి పెట్టకు, తిరిగి పంపించేయ్. గాలి పని స్ప్రింగ్ పని మాత్రమే. ఊగడాన్ని ఆపేది డ్యాంపర్. అది లేని షాక్‌తో వేగంగా పోతూ ఒక ఎత్తుపల్లం దాటితే, అది అయిపోయాక కూడా బండి మూడు నాలుగుసార్లు ఎగిరెగిరి పడుతుంది, మలుపులో అలా జరిగితే ఇక దేవుడే దిక్కు.

నల్లగుర్రం:
ఇప్పుడే చూశా అన్నా. నొక్కేటప్పుడు ఓ మోస్తరుగా ఉంది, లాగేటప్పుడు బాగా బిగువుగా ఉంది. మంచిదేనా?

పాతబండి:
మంచిదే. ఉండాల్సింది అలాగే, లాగేటప్పుడే ఎక్కువ బిగువుండాలి.

పానాలపెట్టె:
తమ్ముడూ, నేను ఇప్పటికి రెండు బండ్లకి బిగించా, ఒకటి నాది, ఒకటి మా బావది. నా దాంట్లో చేయదగ్గ తప్పులన్నీ చేసేశా కాబట్టి బావ బండి ఒక్క ఆదివారంలో అయిపోయింది. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

షాక్‌లు రెండూ ఒకేసారి విప్పకు. బండిని ఫ్రేము కింద జాకీ పెట్టి లేపు, ఇంజన్ సంపు (ఆయిల్ ఉండే అడుగు భాగం) కింద కాదు. ముందు చక్రాన్ని పట్టీలతో కట్టెయ్. వెనక చక్రం నేలకి ఆనీ ఆననట్టు ఉన్నప్పుడు దాని కింద చెక్క ముక్క దోపు. ఇప్పుడు ఒక పక్క షాక్ విప్పినా రెండో పక్కది స్వింగ్ ఆర్మ్‌ని (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేతిని) పట్టుకుని ఉంటుంది. బోల్టు రంధ్రాలు ఒక దానితో ఒకటి కలవకపోతే సుత్తి తీయకు, జాకీని వెంట్రుకవాసి పైకో కిందికో కదిపితే బోల్టు దానంతట అదే జారుతుంది. అటు అయ్యాక ఇటు. బిగువు ఎంతో మీ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ పానాతోనే బిగించు, నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వెయ్.

ఇప్పుడు అందరూ వదిలేసే పని. షాక్‌లు పెట్టాక గాలి అస్సలు లేకుండా బండిని పూర్తిగా కిందికి దించు. టైరుకీ మడ్‌గార్డ్ లోపలి వైపుకీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో చూడు. చూడు అంటే కళ్లతో కాదు, కళ్లు మోసం చేస్తాయి. పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి తీసుకుని మడ్‌గార్డ్ లోపల మూడు నాలుగు చోట్ల ముద్దలు అంటించు, మీరిద్దరూ ఎక్కి గట్టిగా రెండు మూడుసార్లు ఊగండి, దిగాక ఆ ముద్దలు ఎంత పల్చబడ్డాయో స్కేలు పెట్టి కొలువు. నా బండిలో ఒక ముద్ద కాగితంలా అయిపోయింది. ఎందుకో తెలుసా, మడ్‌గార్డ్ లోపల ఒక స్క్రూ తల పొడుచుకుని వచ్చి ఉంది, దాని పక్కనే వెనక లైటు వైర్లు పోతున్నాయి. అలాగే రోడ్డెక్కి ఉంటే గాలి పోయిన రోజున మొదట వైర్లు తెగేవి, తర్వాత టైరు కోసుకుపోయేది. ఖాళీ చాలకపోతే షాక్ లోపల బంప్ స్టాప్ (షాక్‌ని చివరికంటా పోనివ్వకుండా ఆపే ముక్క) పెంచాలి, లేదంటే పొడవు ఎక్కువున్న షాక్ తెచ్చుకోవాలి, వేరే మార్గం లేదు. గాలి ఉంది కదా అనుకోవద్దు. గాలి ఏదో ఒక రోజు పోతుంది, ఆ రోజు కూడా టైరు దేనికీ తగలకుండా ఇంటికి రాగలగాలి.

రెండోది, రబ్బరు బెలోస్, అంటే షాక్‌లో గాలి నిండే రబ్బరు సంచి. గాలి లేనప్పుడు సన్నగా ఉంటుంది, నిండాక లావెక్కుతుంది. పక్క పెట్టె బ్రాకెట్‌కి, బెల్ట్ గార్డ్‌కి, సైలెన్సర్‌కి ఎంత దూరంలో ఉందో ఖాళీగా ఉన్నప్పుడు చూసి సంతోషపడకు, నిండా ఎక్కించి పైన ఒకసారి, కింద ఒకసారి చూడు. రాసుకునే రబ్బరు నెల తిరక్కుండా చిల్లు పడుతుంది.

మూడోది ట్యూబు. కటింగ్ ప్లేయర్‌తో అస్సలు కోయకు. అది ట్యూబు చివరని కోడిగుడ్డు ఆకారంలో నొక్కేస్తుంది, ఫిట్టింగ్‌లో ఉన్న చిన్న రబ్బరు రింగు దాన్ని చుట్టూ పట్టుకోలేదు. పదునైన బ్లేడుతో నిటారుగా కోసి, తోసి, మళ్లీ గట్టిగా లాగి చూడు. మరలున్న ఫిట్టింగులకి టెఫ్లాన్ టేపు చుట్టకు, తెగిన పోగు ఒక్కటి లోపలికి పోయి సోలినాయిడ్ నోట్లో ఇరుక్కుంటే అది ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు, నువ్వేమో షాక్ కారుతోందని దాన్ని మార్చుకుంటూ కూర్చుంటావ్. పేస్టు సీలెంట్ వాడు, అది కూడా మొదటి రెండు మరలు వదిలేసి. సైలెన్సర్‌కి దగ్గరగా ట్యూబు పోనివ్వకు, నైలాన్ మెత్తబడి ఊడిపోతుంది. అంతా అయ్యాక సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడు, ఆ పైన గేజీ మీద అంకె రాసుకుని రాత్రంతా వదిలేసి పొద్దున చూడు.

ప్రెషర్ సంగతి. ఎవరైనా ఒక అంకె చెప్పి ఇంతే పెట్టుకో అంటే నమ్మకు. లెక్క సులువు: ప్రెషర్‌ని బెలోస్ వైశాల్యంతో గుణిస్తే మోసే బరువు వస్తుంది. బెలోస్ పనిచేసే వ్యాసం 6 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం దాదాపు 28 చదరపు సెంటీమీటర్లు. 60 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 4.2 కిలోలు. అంటే ఒక్కో షాక్ దాదాపు 119 కిలోలు, రెండూ కలిపి 238. షాక్ వాలుని బట్టి, స్వింగ్ ఆర్మ్ మీద అది ఉన్న చోటుని బట్టి ఇది మారుతుంది కానీ, మొదలుపెట్టడానికి చాలు. తర్వాత కొలతతో సరిచేసుకో. చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి మడ్‌గార్డ్ మీద ఒక గుర్తు దాకా కొలువు, మీరు సామానుతో సహా ఎక్కాక మళ్లీ కొలువు. ఆ తేడాయే శాగ్. షాక్‌తో చక్రం కదిలే దూరం 75 మిల్లీమీటర్లు అనుకుంటే శాగ్ దాదాపు 25 వచ్చేలా గాలి సర్దు. ఒక్కడివే ఉన్నప్పుడు ఒక అంకె, ఇద్దరూ ఉన్నప్పుడు ఒక అంకె, రెండూ పెట్రోలు ట్యాంకు మూత లోపల స్టిక్కర్ మీద రాసి పెట్టుకో. కిట్ మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటకు.

ఎండలో అంకె పెరిగితే కంగారు పడకు. 25 డిగ్రీల దగ్గర 60 ఉన్నది 45 డిగ్రీలకి వచ్చేసరికి దాదాపు 65 చూపిస్తుంది. గాలి స్వభావమే అంత.

గాలి ట్యాంకు అక్కర్లేదు. ఈ షాక్‌లలో పట్టే గాలే కొంచెం, కంప్రెసర్ నేరుగా ఎక్కించగలదు. ఆగిన చోట బండిని గభాల్న పైకి లేపి పక్కవాళ్లకి చూపించాలంటే ట్యాంకు కావాలి, నీకు ఆ సరదా ఉన్నట్టు లేదు.

వైరుముడి:
మెకానికల్ సంగతి పానా అన్న చెప్పేశాడు, కరెంటు నేను చెప్తా.

కంప్రెసర్ చిన్నదే కానీ మొదలయ్యేటప్పుడు గట్టిగా లాగుతుంది. ఆ కరెంటు హ్యాండిల్ స్విచ్ గుండా పోకూడదు, స్విచ్ రిలేని మాత్రమే లేపాలి. రిలే కింద అంకెలుంటాయి చూడు. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు దాటి 30కి, 87 నుంచి కంప్రెసర్‌కి, ఇగ్నిషన్ ఆన్ అయితేనే వచ్చే లైను స్విచ్ దాటి 86కి, 85 మైనస్‌కి. ఫ్యూజు బ్యాటరీకి ఒక జానెడు లోపే ఉండాలి. అటు చివర పెట్టావంటే మధ్యలో వైరు ఎక్కడ ఒరుసుకుని ఫ్రేముకి తగిలినా కాలేది వైరే, ఫ్యూజు కాదు. మైనస్‌ని పెయింటు ఉన్న ఫ్రేముకి బిగించి వదిలేయకు, నేరుగా బ్యాటరీ దాకా లాగు. నేను ఒకసారి పెయింటు గీకకుండా బిగించి, కంప్రెసర్ నీరసంగా తిరుగుతుంటే మోటారు పోయిందనుకుని కొత్తది కొన్నా. డబ్బు దండగ.

సోలినాయిడ్‌లు రెండూ కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండే రకమేనా అని చూసుకో. స్విచ్ కట్టేసి నోటితో ఊదితే తెలిసిపోతుంది. వాటి మీద బాణం ఉంటుంది, షాక్‌లో ఉండే గాలి ఏ వైపు నుంచి తోస్తుందో దాన్ని బట్టి పెట్టాలి. తిరగేసి పెడితే ఆ గాలే వాల్వ్‌ని తెరిచేస్తుంది. చాలామంది కారుతోంది కారుతోంది అని ఏడ్చేది దీనికే. వాల్వ్ కాయిల్‌కి అడ్డంగా ఒక చిన్న డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చేది) వేస్తే స్విచ్ ఆపినప్పుడు వచ్చే వోల్టేజి దెబ్బ బండి కంప్యూటర్ దాకా పోదు.

నువ్వడిగిన, నీకు తట్టని ప్రమాదం ఇదీ: గాలి వదిలే స్విచ్. హ్యాండిల్ మీద హారన్ పక్కన పెట్టుకున్నావనుకో, చేతి తొడుగు తగిలి నొక్కుకుపోతే బండి వేగంలో ఉండగా వెనక కుంగిపోతుంది. గాలి ఎక్కించేది హ్యాండిల్ మీద పెట్టుకో, పర్వాలేదు. వదిలేది మాత్రం సీటు కిందో, పక్క మూత వెనకో, ఆగి దిగితే తప్ప చెయ్యి అందని చోట పెట్టు. కొందరు న్యూట్రల్ స్విచ్ లైనుతో ముడిపెట్టి న్యూట్రల్‌లో ఉంటేనే వదిలేలా చేస్తారు, ఐడియా మంచిదే కానీ కొత్త బండ్లలో ఆ లైను కంప్యూటర్‌కి పోతుంది, దాన్ని గీకి వైరు చుట్టకు.

కంప్రెసర్ గాలి పీల్చే ఫిల్టర్‌ని నీళ్లు చిమ్మని ఎత్తులో పెట్టడం మర్చిపోకు.

మెల్లగాపో:
అందరూ ఎలా బిగించాలో చెప్తున్నారు కానీ, అసలు ఎందుకు అని ఎవరూ అడగరేం? నల్లగుర్రం గారూ, మీ కాళ్లు అందకపోవడానికి సీటు నురుగు తీసి సన్నగా కుట్టించుకుంటే సరిపోతుంది. ఇద్దరితో వెళ్తే షాక్ కొట్టుకుంటోందంటే స్ప్రింగ్ మీ బరువుకి చాలట్లేదన్నమాట, మీ మొత్తం బరువు చెప్పి తగిన స్ప్రింగ్ ఉన్న మంచి కాయిల్ షాక్‌లు వేయించుకుంటే వైరు లేదు, ట్యూబు లేదు, రాత్రంతా గేజీ చూస్తూ కూర్చునే టెన్షన్ లేదు. గాలి ఎక్కించినంత మాత్రాన బండి మోయగల గరిష్ఠ బరువు పెరగదు. ఆ పరిమితి ఫ్రేముది, టైర్లది, బ్రేకులది.

ఇంకోటి, వెనక దించి నడిపితే ముందు ఫోర్కు వాలు పెరిగి హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది, హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్లలోకి కొడుతుంది, మలుపులో ఫుట్‌బోర్డు త్వరగా నేలకి రాసుకుంటుంది. దించడం ఆగినప్పుడు మాత్రమే, నడిపేటప్పుడు సరైన ఎత్తులోనే.

పాతబండి:
మెల్లగాపో గారి మాట కాదనను కానీ, గాలి సస్పెన్షన్ అనేది షోకు కోసం పుట్టింది కాదండీ. హోండా వాళ్ల టూరింగ్ బండి గోల్డ్‌వింగ్‌లో 1980లో వచ్చిన జీఎల్1100కే ముందూ వెనకా గాలి ఉంది, 1982లో దాని ఆస్పెన్‌కేడ్ మోడల్‌కి బండి మీదే కంప్రెసర్ కూడా ఇచ్చారు. కారణం సింపుల్. ఒక్కడు ఎక్కే రోజుకీ, ఇద్దరూ సామానూ ఎక్కే రోజుకీ మధ్య బరువు తేడా టూరింగ్ బండికి ఉన్నంతగా ఇంకే బండికీ ఉండదు. కాయిల్ స్ప్రింగ్ ఎప్పుడూ ఒకే గట్టిదనం, ప్రీలోడ్ తిప్పితే ఎత్తు మారుతుంది తప్ప గట్టిదనం మారదు. గాలిలో ప్రెషర్ పెంచితే గట్టిదనం కూడా పెరుగుతుంది. దాని గొప్ప అక్కడుంది. లోపం కూడా అక్కడే ఉంది, స్ప్రింగ్ గట్టిపడుతుంది, డ్యాంపర్ మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, అందుకే నిండా గాలి ఎక్కించిన రోజు బండి కొంచెం ఎగిరినట్టు అనిపిస్తుంది. షాక్‌కి రీబౌండ్ నాబ్ (షాక్ తిరిగి లేచే వేగాన్ని సర్దేది) ఉంటే ఆ రోజు రెండు క్లిక్‌లు బిగించుకో.

నల్లగుర్రం బ్రో, నా సలహా ఒకటే. కంప్రెసర్, వైర్లు అన్నీ పక్కన పెట్టెయ్. ముందు షాక్‌లు బిగించి, రెండింటినీ మూడు నోళ్లున్న టీ ఫిట్టింగ్‌తో కలిపి, చివర ఒక టైరు వాల్వ్ పెట్టు. గేజీ ఉన్న చేతిపంపుతో గాలి కొట్టుకుని ఓ నెల నడుపు. టైర్ల షాపులో పెద్ద కంప్రెసర్ గొట్టం మాత్రం తగిలించకు, పట్టే గాలి కొంచెం కాబట్టి రెప్పపాటులో పరిమితి దాటి సీళ్లు చిరిగిపోతాయి. నెలలో నీకు నచ్చితే అప్పుడు కరెంటు జోలికి పో. ఆ వాల్వ్‌ని తర్వాత కూడా పీకెయ్యకు, కంప్రెసర్ చచ్చిన రోజు ఇంటికి చేర్చేది అదే.

నల్లగుర్రం:
అందరికీ థాంక్స్. పాతబండి అన్న చెప్పినట్టే చేస్తా. మెల్లగాపో గారూ, సీటు ఇప్పటికే ఒకసారి సన్నగా కుట్టించా, ఇంకా తీస్తే రేకు మీద కూర్చున్నట్టే.

పానాలపెట్టె:
మర్చిపోయా, బెల్ట్. బిగువు ఏదో ఒక ఎత్తులో చూసి వదిలేయకు. ముందు పుల్లీ, స్వింగ్ ఆర్మ్ తిరిగే ఇరుసు, వెనక చక్రం ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు బెల్ట్ అన్నిటికన్నా బిగువుగా ఉంటుంది. బండిని ఆ ఎత్తుకి తెచ్చి చూసుకో, అక్కడ మరీ బిర్రుగా లేకపోతే మిగతా ఎత్తుల్లో భయం లేదు.

నల్లగుర్రం:
ఐదు వారాలైంది, జరిగింది చెప్పడానికి వచ్చా.

షాక్‌లు మార్చడానికి నాకు ఒక పూట పట్టింది. బంకమట్టి పరీక్ష చేశా, ఒక ముద్ద 8 మిల్లీమీటర్లకి వచ్చింది, నాకు తృప్తిగా అనిపించలేదు, బంప్ స్టాప్ పెంచి 15 చేశా. చేతిపంపుతోనే మూడు వారాలు నడిపా. ఒక్కణ్ణే అయితే 45 పీఎస్‌ఐ, ఇద్దరం సామానుతో అయితే 78 దగ్గర శాగ్ సరిగ్గా కుదిరింది. ధన్ శబ్దం పూర్తిగా పోయింది. మా ఆవిడ మొదటిరోజు ఏమీ అనలేదు, అది చాలు నాకు.

మధ్యలో ఒక కారుడు. రాత్రికి 10 పీఎస్‌ఐ దాకా పోయేది. సబ్బు నీళ్లు పూస్తే షాక్‌ల దగ్గర బుడగ లేదు, వాల్వ్ దగ్గర లేదు, టీ దగ్గర మాత్రం చీమ తలంత బుడగ, లేచి ఆగి, లేచి ఆగి. ట్యూబు ఊడదీసి చూస్తే నేను మొదటి రోజు తొందరలో కటింగ్ ప్లేయర్‌తో కోసిన చివర అదే. పానా అన్నా, చదివి కూడా చేశా, తిట్టుకో. బ్లేడుతో కోసి పెట్టాక వారం దాకా ఒక్క అంకె కదల్లేదు.

నాలుగో వారం కంప్రెసర్ పెట్టా, వైరింగ్ అంతా వైరుముడి గారు చెప్పినట్టే, వదిలే స్విచ్ పక్క మూత వెనక. మొదటిసారి కీ తిప్పి నొక్కితే బండి వెనక భాగం మెల్లగా లేస్తుంటే చిన్నపిల్లాడిలా మూడుసార్లు దించి లేపి చూసుకున్నా.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న దారిలో ఆగి, సైడ్ స్టాండ్ వేసి, స్టైల్‌గా గాలంతా వదిలా. బండి దిగింది, చూడ్డానికి భలే ఉంది. రెండడుగులు వేశానో లేదో వెనక చప్పుడు. బండి స్టాండ్ ఉన్న వైపు కాదు, అవతలి వైపుకి పడిపోయింది! క్రాష్ గార్డ్ ఉంది కాబట్టి అద్దం, ఒక ఇండికేటర్‌తో పోయింది. స్టాండ్ పొడవు అంతే ఉండి బండి కిందికి దిగేసరికి అది ఎడమకి వాలాల్సింది పోయి దాదాపు నిటారుగా నిలబడింది, నేలేమో కుడికి కొంచెం వాలు. ఇది ఎవరూ ముందు చెప్పలేదే!

పానాలపెట్టె:
అయ్యో, తప్పు నాదే తమ్ముడూ. నా బండికి పొట్టి స్టాండ్ ముందు నుంచే ఉండటం వల్ల ఆ సంగతే తట్టలేదు. మనిషికి దెబ్బ తగల్లేదు కదా?

వెంటనే పోయి పొట్టి స్టాండ్ కొనేయకు. పొట్టిది పెడితే గాలి నిండా ఉన్నప్పుడు బండి ఎడమకి మరీ వాలిపోతుంది, సామానుతో ఉన్నప్పుడు దాన్ని నిటారుగా లేపలేవు. ఆగినప్పుడు ఎంత ఎత్తులో వదిలేస్తావో ముందు అది తేల్చుకో. నన్నడిగితే పూర్తిగా వదలకు, 25 పీఎస్‌ఐ దగ్గర ఆపు, కాళ్లు అందడానికి అది చాలు. అప్పుడు ఇప్పుడున్న స్టాండే సరిపోవచ్చు, చదునైన నేల మీద ఎంత వాలుతోందో ఒకసారి చూసి చెప్పు.

నల్లగుర్రం:
నాకేం కాలేదు అన్నా. 25 దగ్గర చూశా, వాలు బాగానే ఉంది, కుడి వైపు నుంచి గట్టిగానే తోసి చూశా, కదల్లేదు. అద్దం ఆర్డర్ పెట్టా. బండి పడిందని ఇంట్లో ఇంకా చెప్పలేదు.